రాత్రివేళ పిడచగట్టు నోరు



నోటి క్యాన్సరునకు శస్త్రచికిత్సయు కిరణచికిత్సయు ముగించుకొని నేను ప్రొద్దుటూరు చేరిన దినమున, చూడవచ్చిన చుట్టపక్కము లందఱును "గండము గడచినది, ఇక భయము లేదు" అనిరి. నేనును అట్లే నమ్మితిని. నాలుగవ రాత్రియో అయిదవ రాత్రియో ఉలికిపడి మేల్కొంటిని. నోరు పిడచగట్టి యుండెను. నాలుక అంగిటి కతుకుకొనిపోయినది. పెదవులు పండ్ల కంటుకొని విడివడలేదు. ప్రక్కగదిలో నున్న కోడలిని పిలువబోయితిని; పిలుపు రాలేదు. మాట పలుకుటకు సైతము నోటిలో తడి యుండవలెనన్న సంగతి ఏబదియెనిమిదేండ్ల వయస్సున నాకు ఆ రాత్రి తెలిసినది. చేతికందిన చెంబును నాపరాతి నేలపైకి త్రోసితిని. ఇల్లంతయు లేచినది.

కోడలు నీళ్లు త్రాగించి, "దప్పికా అత్తా?" అని యడిగెను. దప్పిక కాదు. నీళ్లు గొంతు దిగిన కొలది నిమిషములకే నోరు మరల నెండెను. దప్పిక వేఱు, నోరెండుట వేఱు. ఈ భేదమును ఇంటివారికి తెలుపుటకే నాకు కొన్ని నెలలు పట్టినది.

ఈ వ్యాధి నాకెట్లు వచ్చినదో దాచను. మా సీమలో భోజనమైన పిదప వక్కాకు వేసికొననివారు తక్కువ. నేను పొగాకు ముట్టినదానను గాను. వక్కపలుకు బుగ్గను పెట్టుకొని నిద్రించు అలవాటు మాత్రము ముప్పది యేండ్లుగా నుండెను. పొగాకు కలియని వక్క నిరపాయమని మా వీధి యాడువారందఱి నమ్మకము. అది కూడ క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో వెలువరించిన గ్రంథమున తేల్చినది. ఆ మాట మా వఱకు రాలేదు. వచ్చినను వినియుందునో లేదో! వక్క నిలుచు ఎడమ బుగ్గలోనే పుండు లేచినది.

ఎఱ్ఱగుంట్లలో రైలెక్కి చెన్నపట్టణము పోయితిమి. తన చెల్లెలిని ఈ జబ్బునకే పోగొట్టుకొనిన ముత్తులక్ష్మీరెడ్డిగారు పట్టువిడువక 1954లో అడయారున క్యాన్సరు సంస్థను నెలకొల్పిన పట్టణమది. ఆమె సంగతి తలచుకొని రైలులో కొంత ధైర్యము తెచ్చుకొంటిని. చెన్నపట్టణమున బుగ్గలోని పుండును మెడలోని గడ్డలను తీసివేసి, పిమ్మట వారమునకు అయిదు దినముల చొప్పున ఆఱు వారములు, మొత్తము 30 మారులు కిరణము లిచ్చిరి.

నోరెండుటకు కారణము వైద్యులు చెప్పగా నాకు బోధపడినంత వఱకు చెప్పెదను. లాలాజలము నిచ్చు పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవుల ముందఱ నొక జత, దవడ క్రింద నొక జత, నాలుక క్రింద నొక జత. ఆరోగ్యవంతులకు దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వఱకు ఊరును. చెవుల ముందఱి గ్రంథులు అన్నము నమలునపుడు ఎక్కువగా పనిచేయును. ఊరక యున్నవేళ నోటిని తడిగా నుంచునవి ముఖ్యముగా దవడ క్రిందివి. మెడకు శస్త్రము చేయునపుడు ఆ వైపు దవడ గ్రంథి గడ్డలతోపాటు పోవుట కద్దు. మిగిలినవానిపై కిరణములు పడును. ఇవి కిరణముల తాకిడి కోర్వలేని సుకుమారములు. ఇంతకును నిద్రలో ఎవరికైనను లాలాజలము దాదాపుగా ఆగిపోవును. నిండుగాదె గలవాడు ఒకపూట రాబడి లేకున్నను వెళ్లదీయును. అడుగంటినవానికి ఆ పూటయే కఱవు. కఱవు సంగతి కడప జిల్లావారికి వేఱుగ చెప్పనేల?

గ్రంథులను తప్పించి కిరణముల నిచ్చు క్రొత్త పద్ధతి యిపుడున్నది. 2011లో ప్రకటింపబడిన బ్రిటను పరిశోధన యొకదానిలో, గొంతు క్యాన్సరు రోగులలో పాతపద్ధతిని చికిత్స పొందినవారికి ఏడాది తరువాత నూటికి 74 మందికి నోరెండు బాధ గట్టిగా నిలిచియుండగా, క్రొత్త పద్ధతిలో అది 38కి దిగినది. చికిత్సకు పోవువారు మొదటనే దీనిని గూర్చి అడిగి తెలిసికొనవలెను. నేను అడుగలేదు, అడుగవలెనని తెలియకపోయినది.

పులివెందులలో నున్న నా కూతురు నన్ను నెలదినములు తనయొద్ద నుంచుకొనెను. అచట చీనీతోటలు మెండు. పుల్లనిది నోట బడిన నీరూరునని, ప్రతిరాత్రియు చక్కెర కలిపిన చీనీరసము గ్లాసునిండ నా తలాపున నుంచెడిది. మెలకువ వచ్చినపుడెల్ల రెండు గుటకలు వేసెడిదానను. హాయిగనే యుండెను. ప్రొద్దుటూరు వచ్చిన తరువాతను ఆ యలవాటు విడువలేదు. ఆఱు నెలలు తిరుగకమునుపే చిగుళ్లయొద్ద పండ్లు గోధుమవన్నెకు తిరిగి, ముందఱిపండ్లు రెండింటి అంచులు రాలినవి.

దంతవైద్యురాలు చూచి, "కావలి లేని యింటికి రాత్రివేళ తలుపులు తీసి పెట్టితివి గదమ్మా" అనెను. పులుపును కడిగివేసి పండ్లకు సున్నపుసారము నిచ్చునది లాలాజలమే యట. అది లేని నోటిలో పులుపును చక్కెరయు రాత్రియంతయు నిలిచినచో పండ్లు నిలువవట. కిరణములు సోకిన దవడ యెముక సులభముగా మానదు. కావున ఆ సంగతి వైద్యులకు చెప్పక పన్ను పీకించుకొనరాదని కూడ గట్టిగా హెచ్చరించెను. నాటినుండి ఆమె యిచ్చిన ఫ్లోరైడు లేపనమును పండుకొనుటకు ముందు పూసికొనుచున్నాను. కూతురికి ఈ సంగతి చాలకాలము చెప్పలేదు. ప్రేమతో నిచ్చిన గ్లాసును తప్పని యెట్లు చెప్పుదును? కడకు అల్లునివలన విని, ఫోనులో నాలుగు నిమిషములు ఏమియు పలుకక యుండెను.

పుట్టినిల్లగు జమ్మలమడుగున మఱియొక సంకటము. వదిన నాకొఱకు ప్రొద్దున్నే ఉగ్గాని చేసెను. తడిపిన బొరుగులే యైనను నా నోట అవి యిసుకవలె నతుకుకొనిపోయినవి. మిరపకాయ బజ్జీ మాట యెత్తనేల! ఆమె చిన్నబుచ్చుకొన్నది. మఱునాడు రాగిసంగటి ముద్దను పలుచని పప్పుచారులో ముంచి నేయివేసి పెట్టగా నమలకుండనే గొంతు దిగినది. అది చూచి ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఆ యూర నూఱేండ్లు దాటిన కాంబెల్ ఆసుపత్రి యున్నది గదా. నర్సుపని చేసి విరమించిన పొరుగింటామె నా నోరు తెఱపించి చూచి, నాలుకపై తెల్లని పొరలు బూజని, వైద్యునికి చూపుమని పంపెను. ఎండిన నోట అది తఱచుగా పట్టునట. మందు వేయగా మంట తగ్గినది.

ఇపుడు నా రాత్రి యిట్లు గడచును. సాయంకాలము తరువాత కాఫీ మానితిని. పండుకొనుటకు ముందు గ్లాసెడు గోరువెచ్చని నీటిలో పావుచెంచా వంటసోడాయు అందులో సగము ఉప్పును కలిపి పుక్కిలించెదను. అంగళ్లలో దొరకు ఘాటు పుక్కిలిమందులలో సారాయి కలిసి యుండవచ్చును. అది నోటిని మఱింత నెండించును. పెదవులకు నేయి, నోటిలోపల వైద్యులు వ్రాసియిచ్చిన కృత్రిమ లాలాజలపు జిగురు. పిచికారీకంటె ఈ జిగురు ఎక్కువసేపు నిలుచును; ఐనను రాత్రికి రెండుమార్లు పూయవలసినదే. గ్రంథులను పురికొల్పు పైలోకార్పిన్ అను మాత్ర కూడ కలదు; ఉబ్బసము, కొన్నివిధముల నీటికాసులు గలవారికి తగదు గనుక వైద్యుడు చెప్పనిదే ముట్టరాదు. నాకు చెమటలు పోసినవి, మానితిని. జలుబుమాత్రలును నోటిని ఎండించునని అనుభవముమీద గ్రహించితిని. వేసవిలో పంకా గాలి ముఖముపై తగులకుండ త్రిప్పి, తడిగాలి కూలరును కాళ్లవైపు పెట్టుదుము. మెలకువ వచ్చినపుడు నీళ్లు చెంబెడు త్రాగను. గుటకెడు నీటితో నోరు తడిపి యుమ్మివేయుదును. మొదట త్రాగి త్రాగి, రెండుగంటలకు పెరటిలోనికి పోవుచు పడితిని.

పిలుపు రాని భయమునకు మాత్రము మందు ఏ వైద్యుడును వ్రాయలేదు. కోడలు దేవునిగూటిలోని చిన్నగంటను తెచ్చి నా మంచపుకోడునకు కట్టెను. మొదట సిగ్గుపడితిని, పగలంతయు చాకిరి చేసిన పిల్లను నడిరేయి గంట మ్రోగించి లేపుట యెట్లని రెండు రాత్రులు ఓర్చుకొంటిని. ఆమె కనిపెట్టి, "లేపకుంటే నాకు నిద్ర రాదత్తా" అనెను.

మొన్న మాఘమాసమున నొక రాత్రి నాకు మెలకువయే రాలేదు. తెల్లవాఱుజామున కన్ను తెఱచునప్పటికి కోడలు నా మంచముప్రక్క నేలపై కూర్చుండి యున్నది.

"ఏమే, ఇచట కూర్చుంటివి?" అంటిని.

"గంట మ్రోగలేదు గదత్తా, అందుకని వస్తిని" అనెను.