ఆవాజ్ రాని తూటా

అమెరికాలో ఉండే మా ఖాలాజాద్ భాయ్ ఫోన్లో చాలా ఆసాన్‌గా చెప్పేశాడు. "అరె భాయ్, .22 రైఫిల్‌కి సబ్‌సోనిక్ తూటాలు తీసుకో. పెరట్లో కాల్చినా పడోసీకి వినపడదు." వాడికేం, ఊరవతల ఎకరాల్లో జాగా ఉంది. మాది సికింద్రాబాద్, గోడకు గోడ ఆనుకున్న మొహల్లా. మా బావర్చీఖానాలో బగారాకు తాలింపు పెడితే మూడిళ్ల అవతల తుమ్ముతారు.

బాత్ ఏమిటంటే మా బేటీకి నిషానా పిచ్చి పట్టింది. స్కూల్ తరఫున పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ పోటీలోనే. గచ్చిబౌలి రేంజ్ మాకు దూరం, రోజూ తీసుకెళ్లే ఫుర్సత్ నా నౌకరీలో లేదు. "అబ్బా, ఇంట్లోనే ప్రాక్టీస్ చేస్తా" అంది. దస్తర్‌ఖాన్ ముందే వాళ్ల అమ్మీ అడ్డుపడింది. "మన ఇంట్లోంచి తుపాకీ ఆవాజా? గల్లీలో ఏమనుకుంటారు?" ఆ 'మన' దగ్గర ఆమె గొంతు తగ్గింది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఆ ఖౌఫ్ నాకూ ఉంది కాబట్టే భాయ్ మాట కొంచెం సేపు తలలో తిరిగింది. డిగ్రీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 కాల్చినవాణ్ని. ఆ కార్తూస్‌ను రిమ్‌ఫైర్ అంటారు. నిప్పంటుకునే మసాలా అడుగు అంచులోనే ఉంటుంది, పిన్ను వచ్చి ఆ అంచు మీద కొడుతుంది. దాని ఆవాజ్ నిజానికి రెండు. ఒకటి గొట్టం మూతి దగ్గర గ్యాస్ బయటపడే ధమాకా. రెండోది, గోలీ ధ్వని వేగాన్ని దాటితే గాల్లో పుట్టే కొరడా దెబ్బ. హై వెలాసిటీ రకం సెకనుకు దాదాపు 380 మీటర్లు పోతుంది, సబ్‌సోనిక్ 320 అటూ ఇటూ. ధ్వని వేగమేమో మన మే నెల ఎండలో 355 దాకా ఉంటుంది, జనవరి తెల్లవారుజామున 340కి దిగుతుంది. అంటే హద్దు మీదుండే గోలీ ఎండాకాలం ఖామోష్‌గా పోయి, చలికాలం ఛళ్లుమనొచ్చు.

సబ్‌సోనిక్ తీసేసేది ఆ రెండో ఆవాజ్‌నే. మొదటిది పోదు. గోలీ మెత్తబడదు కూడా. గురి తప్పి పైకి లేస్తే కిలోమీటరు పైనే పోతుంది. పెరట్లో కాల్చుకునేవాడికి వినపడనిది, అవతల బట్టలారేసుకునే మనిషికి తగలదని ఎవరు చెప్పారు? పైగా ఇక్కడ .22కి లైసెన్సు కావాలి, లైసెన్సు ఉన్నంత మాత్రాన మొహల్లా రేంజ్ అయిపోదు. భాయ్ సలహా అక్కడికి ఖతం.

మిగిలింది ఎయిర్ రైఫిలే. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు, 20 జూల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఛర్రా బరువు అర గ్రాము, వేగం సెకనుకు 170 మీటర్ల చిల్లర, శక్తి 8 జూల్స్. పుట్టుకతోనే సబ్‌సోనిక్! దుకాణదారు ఆధార్ కాపీ తీసుకుని ఇచ్చాడు.

దాలాన్ తలుపు నుంచి వెనక గది గోడ దాకా కొలిస్తే పది మీటర్ల పది సెంటీమీటర్లు. అల్లా మెహర్బానీ. తలుపులన్నీ గడియ పెట్టి మొదటి ఛర్రా కాల్పించాను. రైఫిల్ 'ఫట్' అంది, అంతే. కానీ కాగితం వెనక పెట్టిన రేకు డబ్బా 'ఠంగ్'మని మొహల్లా మొత్తానికి ఖబర్ ఇచ్చింది. ఇన్నాళ్లూ తూటా ఆవాజ్ గురించి లెక్కలేసినవాణ్ని, తగిలే చోటు గురించి ఆలోచించనే లేదు. డబ్బాలో పాత రజాయి దూది కుక్కాను, నాలుగు రోజుల్లో చిల్లులు పడి మళ్లీ ఠంగ్. లప్పం పెట్టాను. అది ఎండి రాయైంది, ఒక ఛర్రా ఎగిరి వెనక్కొచ్చి నా చెప్పు పక్కన పడింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ కళ్లజోళ్లు. చివరికి ఆముదం కలిపిన బంకమన్ను కుదిరింది. 'దప్' అంటుంది, పక్క గదిలో ఖురాన్ చదువుకునే అమ్మీజాన్ కూడా తల ఎత్తదు. ఛర్రాలు సీసం కాబట్టి చేతులు కడగందే రోటీ ముట్టనివ్వదు మా ఆవిడ.

ఖుష్ అవ్వాల్సింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూసిన తలుపులు, లోపల రైఫిల్, బయటికి రాని ఆవాజ్. ఎవరైనా కిటికీలోంచి చూస్తే ఈ ఖామోషీనే కదా షక్ పుట్టించేది! రెండు వారాలు నేను పడిన మెహనత్ అంతా పడోసీలకు ఇబ్బంది లేకుండానా, పడోసీలకు తెలియకుండానా? రెండూ ఒకటేనని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు అసర్ నమాజ్ అయ్యాక పక్కింటికి వెళ్లాను. రైల్వేలో రిటైరైన పెద్దాయన. "అంకుల్, మా పాప ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, ఇంట్లోనే..." అన్నాను. గొంతు ఎండిపోయింది.

"అదా! ఏదో డబ్బా కొడుతున్నారనుకున్నాం. ఈ మధ్య ఆగిపోయింది, ఏమైందని అడుగుదామనుకుంటున్నా భాయ్‌సాబ్."

వెంటనే వచ్చి చూశాడు. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే అని పాప చెబితే, కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికాడు.

ఆదివారం మనవణ్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. మా ఆవిడ ముందు కళ్లజోళ్లు ఇచ్చింది, తర్వాత చాయ్.