సముద్రం లేని ఊళ్లో తుపాను రాత్రి
తీరానికి దాదాపు 200 కి.మీ. లోపల ఉన్నా జగదల్‌పూర్‌కు బంగాళాఖాతం పొరుగే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఆ సంగతి గుర్తుచేసింది

జగదల్‌పూర్ నుంచి రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్‌కు రోడ్డు మార్గాన సుమారు 300 కి.మీ. విశాఖపట్నానికీ కాస్త అటూఇటూగా అంతే దూరం. సర్కారీ కాగితాల పని పడితే ఉత్తరానికి వెళ్లే ఈ ఊరు పెద్ద ఆస్పత్రికి, పిల్లల చదువుకు, సముద్రస్నానానికి మాత్రం తూర్పు కనుమలు దిగి విశాఖ దారి పడుతుంది. ఆ దారి కొత్తదేమీ కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపేందుకు 1960వ దశకంలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం ఖనిజంతోపాటు మనుషులనూ మోసింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికోసం, వ్యాపారం కోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. అంతకు ఆరు శతాబ్దాల ముందే, ఓరుగల్లు పతనమయ్యాక, కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని చరిత్ర. ఊళ్లో బాలాజీ గుడి, మిర్చిబజ్జీ, ఇంట్లో తెలుగు, వీధిలో హల్బీ, హిందీ. ఇవన్నీ అలవాటైన ఊరికి సముద్రం నుంచి వచ్చే గాలి మాత్రం అలవాటు కాలేదు.

2014 అక్టోబరు 12 ఆదివారం. జగదల్‌పూర్‌లో సంత రోజు. 75 రోజుల బస్తర్ దసరా ముగిసి ఎంతోకాలం కాలేదు. ఆ మధ్యాహ్నం 12, ఒంటిగంట మధ్య హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటింది. గాలివేగం గంటకు 170-180 కి.మీ. అప్పటికే విశాఖ రేవులో 10వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. తీర గ్రామాలను ఖాళీ చేయించారు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, నగరంలో చెట్టన్నది నిలవలేదు. ఇదంతా దేశం టీవీలో చూసింది. ఆ తర్వాత ఏమైందన్నది అంతగా చూడలేదు. తుపాను తీరం దాటితే వార్త ముగిసినట్టే లెక్క. తుపాను మాత్రం అక్కడ ఆగలేదు. వాయవ్యంగా కనుమలెక్కి అరకు, కోరాపుట్‌ల మీదుగా దక్షిణ ఛత్తీస్‌గఢ్ వైపు కదిలింది. సాయంత్రానికి తీవ్ర తుపానుగా, అర్ధరాత్రికి తుపానుగా, తెల్లవారుజామున తీవ్ర వాయుగుండంగా బలహీనపడింది.

‘బలహీనపడింది’ అన్న మాట వినడానికి ఊరటగా ఉంటుంది. ఆ మాట గాలికి వర్తిస్తుంది, వానకు వర్తించదు. వేడి సముద్రపు నీటి ఆవిరే తుపానుకు ఇంధనం. నేల మీదికి రాగానే ఆ సరఫరా తెగుతుంది, కొండల రాపిడికి వేగం తగ్గుతుంది. కానీ అప్పటికే మోసుకొచ్చిన తేమ ఎక్కడికి పోతుంది? కొండవాలు ఎక్కేకొద్దీ చల్లబడి కుంభవృష్టిగా దిగుతుంది. జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున, సరిగ్గా ఆ కనుమల వెనక పీఠభూమి మీద ఉంది.

గాలివాన బస్తర్‌కు తెలియనిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, మామిడికాయలు రాలగొట్టి, అరగంటలో వెళ్లిపోయే గాలి ప్రతి ఇంటికీ పరిచయమే. తలుపులేసుకుని కూర్చుంటే చాలు. తుపానుకు ఆ మర్యాద లేదు. గంటల తరబడి వీస్తుంది, తగ్గినట్టే తగ్గి దిక్కు మార్చి మళ్లీ లేస్తుంది. పెంకులు ఒక వైపు గాలికి నిలిచినా రెండో వైపు గాలికి లేస్తాయి. నానిన నేలలో చెట్టు వేళ్లు పట్టు వదిలేస్తాయి. ఆ రాత్రి కరెంటు పోయింది, రోడ్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి. వెన్ను తీసిన వరి చేలల్లో పడిపోయింది. ప్రభుత్వం బస్తర్ జిల్లాలను అప్రమత్తం చేయకపోలేదు. అయితే తీరంలోలా ఇక్కడ తుపాను షెల్టర్ లేదు. ఏ నంబరు జెండాకు ఏం సర్దుకోవాలో చెప్పే ముసలి జాలరీ లేడు. తీరవాసికి హెచ్చరిక తాతల నాటి జ్ఞాపకం. పీఠభూమివాసికి అది టీవీ కింద పరుగెత్తే అక్షరాలు.

తెలుగు ఇళ్లలో ఆ రాత్రి భయం రెండు వైపులా ఉంది. నెత్తిమీద గాలి ఒకటైతే, విశాఖలో చదువుకుంటున్న పిల్లలు, అక్కడే ఉన్న పెద్దవాళ్లు మరొకటి. సెల్ టవర్లు కూలి విశాఖ ఫోన్లు మూగబోయాయి. వెళ్లి చూద్దామంటే రైలు లేదు. 58 సొరంగాల మీదుగా కొండను చుట్టుకుంటూ దిగే ఆ మార్గం మామూలు వానకే కొండచరియలతో మూసుకుపోతుంది. దారి పొడవునా నష్టమే. పాడేరు, అరకు ప్రాంతాల కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేలాదిగా ఒరిగాయి. గిరిజన రైతుకు అవి రెండు మూడు దశాబ్దాల పెట్టుబడి. అక్టోబరు 14న విశాఖకు వచ్చిన ప్రధాని మోదీ రూ. 1,000 కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. పత్రికల్లో కనుమల ఇవతలి పక్క ముచ్చటకు పెద్దగా చోటు దొరకలేదు.

ఇవతలి పక్క కురిసిన నీరు మాత్రం తెలుగు నేలకే వస్తుంది. ఒడిశాలోని కలహండిలో పుట్టే ఇంద్రావతి జగదల్‌పూర్‌ను ఒరుసుకుంటూ పారి, ఊరికి 38 కి.మీ. దూరంలో చిత్రకోట్ వద్ద గుర్రపు నాడా ఆకారంలో సుమారు 30 మీటర్ల లోతుకు దూకుతుంది. వానల్లో ఆ నీరు తెల్లగా ఉండదు, ఎర్రమట్టి రంగులో హోరెత్తుతుంది. వేసవిలో ఇదే నది ఎండిపోతుంది. సరిహద్దులోని జోరా నాలా గుండా నీరు శబరికి మళ్లిపోతోందని ఒడిశాతో ఛత్తీస్‌గఢ్‌కు ఏళ్ల తరబడి పేచీ. తుపాను రోజుల్లో ఆ పేచీ ఎవరికీ గుర్తుండదు. ఇంద్రావతి భద్రాచలానికి ఎగువన, శబరి దిగువన కూనవరం వద్ద గోదావరిలో కలుస్తాయి. భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక ఎగరేసేటప్పుడు బస్తర్ వాన లెక్క కూడా చూడాల్సిందే.

హుద్‌హుద్ బస్తర్‌తోనూ సరిపెట్టుకోలేదు. ఉత్తరానికి తిరిగి ఉత్తరప్రదేశ్ దాకా వెళ్లింది. దాని తేమ అక్టోబరు 14న నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుపానుగా విరుచుకుపడింది. థొరాంగ్ లా కనుమ పరిసరాల్లో ట్రెక్కర్లు, గైడ్లు, స్థానికులు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. పర్వతారోహణకు అక్టోబరు మంచి సీజన్ అనుకుని వచ్చినవారే ఎక్కువ. విశాఖకు రోజుల ముందే తెలుసు, జగదల్‌పూర్‌కు సగం తెలుసు. హిమాలయాల్లో ఉన్నవారిలో చాలామందికి అసలు తెలియదు. గాలి బలం తగ్గుతూ పోయిన కొద్దీ హెచ్చరిక అంతకంటే వేగంగా పలచబడింది.

ఆ తర్వాతా ఈ దారి ఖాళీగా లేదు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ దక్షిణ ఛత్తీస్‌గఢ్ మీదుగానే సాగి, దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో షహీన్‌గా మళ్లీ లేచి ఒమన్‌ను తాకింది. హుద్‌హుద్‌కు ఆ పేరు పెట్టింది ఒమనే కావడం కాకతాళీయం. 2025 ఆగస్టు చివర్లో తుపాను లేకుండానే కురిసిన వానలకు బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాల్లో వంతెనలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి.

బస్తర్ చూడాలనుకునేవారికి అందరూ చెప్పే కాలం అక్టోబరే. దసరా రథం, నిండుగా చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలు, పొగమంచులో అరకు. బంగాళాఖాతంలో తుపానులు లేచే కాలమూ అదే. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కేవారు కిటికీ సీటు కోసం పోటీపడతారు. ముందు రోజు వాతావరణ శాఖ బులెటిన్‌లో తీరం దాటే చోటుతోపాటు ఆ కింద రాసిన ‘దక్షిణ ఛత్తీస్‌గఢ్’ పంక్తిని కూడా చదువుకుని బయల్దేరితే మేలు.