స్ప్రింగుకో న్యూయార్క్‌ పేరు!

న్యూయార్క్‌ వెళ్లినవాళ్లెవరైనా ఫిఫ్త్‌ అవెన్యూలో తలెత్తి చూసేది 102 అంతస్తుల ఎంపైర్‌ స్టేట్‌ భవనాన్నే. ఆ ఊరి పేరు ఓ బుల్లి స్ప్రింగుకీ ఉంది... అదే ‘న్యూయార్క్‌ ట్రిగ్గర్‌’! ఆస్ట్రియాలో తయారైన గ్లాక్‌ పిస్టల్‌ ట్రిగ్గర్‌ని మామూలుగా రెండున్నర కిలోల బలంతో నొక్కితే చాలు. లోపలి స్ప్రింగో, కనెక్టర్‌ అనే చిన్న రేకుముక్కో మారిస్తే ఆ బిగువు మారిపోతుంది. పొరపాటున పేలకూడదని న్యూయార్క్‌ నగర పోలీసులు దాన్ని దాదాపు అయిదున్నర కిలోలకు పెంచారు.

2012 ఆగస్టు 24న ఈ భవనం ముందే ఓ హంతకుడిపై ఇద్దరు పోలీసులు 16 తూటాలు పేల్చారు. అతను చనిపోయాడు. దారినపోయే తొమ్మిదిమందీ గాయపడ్డారు. బిగువైన ట్రిగ్గర్‌ని బలంగా లాగితే చెయ్యి కదిలి గురి తప్పుతుందన్న వాదన అప్పుడు జోరందుకుంది. తేలికైతే ఓ భయం, బిగువైతే మరో భయం. ఆ కాలిబాటపై నడిచేవారికి రెండూ ప్రాణాల మీదకి తెచ్చేవే!