కోసి, మోసి, మళ్లీ నిలబెట్టిన గుడి

ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలు ఇప్పుడున్న చోటు వాటి అసలు చోటు కాదు.

మూడు వేల ఏళ్లకు ముందు రెండో రామ్‌సెస్ నైలు ఒడ్డున కొండను తొలిపించి చేయించినవి అవి. అస్వాన్ పెద్ద ఆనకట్ట కడుతుంటే వాటికి ముంపు ముప్పు వచ్చింది. యునెస్కో పిలుపుతో 1964 నుంచి 1968 దాకా వాటిని రంపాలతో కోశారు. వెయ్యికి పైగా దిమ్మెలు, ఒక్కొక్కటీ టన్నుల బరువు!
సుమారు 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్లీ నిలబెట్టారు.
వెనక కనిపించే కొండ కూడా మనుషులు పేర్చిందే, లోపల ఉన్నది కాంక్రీటు గుమ్మటం.

అన్నిటికన్నా అబ్బురం వెలుగుది. ఏటా ఫిబ్రవరి 22, అక్టోబరు 22 ప్రాంతంలో ఉదయపు ఎండ గర్భగుడి దాకా వెళ్లి నాలుగు విగ్రహాల్లో మూడింటిని తాకుతుంది. నాలుగోది ప్తాహ్, పాతాళంతో ముడిపడిన దేవుడు. ఆయన నీడలోనే ఉంటాడు.
తరలించాక కూడా ఈ ఏర్పాటు చెడలేదు. ఆ ఇంజనీర్లకు చేతులెత్తి మొక్కాలి.

దాదాపు అదే కాలంలో కృష్ణా లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునసాగర్ నీళ్ల కిందికి వెళ్లింది. అక్కడి కట్టడాలు కొన్నిటిని నాగార్జునకొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. చూసి వచ్చినవాళ్ల దగ్గర చెప్పదగ్గ సంగతులు చాలానే ఉంటాయి.