వాము కింద గుడ్లు

స్టార్ ట్రెక్ సీరియల్‌లో నాకు బాగా ఇష్టమైన ఎపిసోడ్ 'ది డెవిల్ ఇన్ ది డార్క్'. రాసింది జీన్ కూన్. అమెరికాలో 1967 మార్చి 9న వచ్చింది. మన దూరదర్శన్ 1980ల్లో ఆ సీరియల్‌ని ఆదివారాలు వేసేది. ఏదో గ్రహం మీద గనిలో ఒక జంతువు యాభై మందికి పైగా కార్మికులను ఆమ్లంతో కాల్చి చంపుతుంది. దాని పని పట్టడానికి కెప్టెన్ కిర్క్ దిగుతాడు. తీరా చూస్తే అదొక తల్లి, పేరు హోర్టా. ఎందుకూ పనికిరావని కార్మికులు పగలగొట్టిన రాతిగుండ్లు దాని గుడ్లు. కిర్క్ సహచరుడు స్పాక్ దాని మనసులోకి వెళ్లి, ఆ నొప్పి తనదే అయినట్టు అరుస్తాడు. ఎప్పుడు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి.

ఈ కథంతా తెలిసుండి కూడా, కంకిపాడు దగ్గర మా చేలో నేను ఆ కార్మికులు చేసిన పనే చేశాను.

ఎండాకాలం. వాములోంచి గడ్డి లాగుతుంటే అడుగున పాము బుస కొట్టింది. "జెర్రిపోతేనండీ, ఏం చెయ్యదు, వదిలెయ్యండి" అన్నాడు పనికొచ్చిన పెద్దాయన. దానికి విషం లేదని నాకూ తెలుసు. అయినా నాగుపాముతో జత కడుతుందన్న మాట చిన్నప్పట్నుంచీ విని ఉన్నాను. (నిజానికి అలా పెనవేసుకుని లేచేవి చాలాసార్లు పోట్లాడుకునే రెండు మగ జెర్రిపోతులే.) కర్ర తీసుకుని కొట్టాను. గడ్డి తొలగిస్తే తెల్లటి గుడ్లు, ఒకదానికొకటి అంటుకుని.

"అందుకే కదల్లేదండీ" అన్నాడు పెద్దాయన.

చుట్టూ ఖాళీ కళ్లం. జెర్రిపోతు పరుగు అందుకుంటే మనిషికి దొరకదు. అలాంటిది పోకుండా ఎందుకుందని నేను ఆలోచించలేదు. కిర్క్ ఆలోచించాడు. మొదట చంపొద్దన్న స్పాక్ కూడా, అతని ప్రాణానికి భయపడి కాల్చెయ్యమంటాడు. చంపాలని వచ్చిన కిర్క్ తుపాకీ దించి ఎదురుగా నిలబడతాడు. ఆ కాసేపు ఆగడంలోనే కథంతా మారిపోయింది.

చివర్లో హోర్టా పిల్లలు సొరంగాలు తవ్వుతాయి, కార్మికులు ఖనిజం ఏరుకుంటారు. మన డెల్టాలో ఆ ఒప్పందం ఎప్పట్నుంచో ఉంది. వరి పిలకలు కొరికేసి, గట్లు గుల్లచేసే ఎలుకలే జెర్రిపోతుకు తిండి. దాన్ని చంపుకుని, ఎలుకలకు బుట్టలు పెట్టించడానికి డబ్బులిస్తున్నాం.

ఇప్పుడు వాము కదిపే ముందు చుట్టూ కర్రతో తట్టించి ఆగుతాం. నాగుపామో రక్తపింజరో అయితే పాములు పట్టేవాళ్లకు కబురు పెడతాం. జెర్రిపోతు కదలకుండా ఉంటే ఆ వైపు ముట్టుకోం. వానలు పడేదాకా గడ్డి రెండోవైపు నుంచే లాక్కుంటాం.