2270 పోయేదాకా డ్రమ్ము కదలదు

మీరు ఇది ఫోన్లో చదువుతున్నారంటే, ఈ అక్షరాలు దారిలో ఎక్కడో ఒకచోట ఆప్టికల్ ఫైబర్‌లోంచి వచ్చే ఉంటాయి. వెంట్రుకంత సన్నటి గాజు తీగ అది. వట్టి గాజైతే కాస్త గీత పడినా పుటుక్కున విరుగుతుంది. అందుకే దాని మీద లోపల మెత్తటిది, పైన గట్టిది, రెండు పొరల పూత వేస్తారు. ఆ పూతల్లో ఎక్కువగా వాడే రెజిన్ యురెథేన్ ఎక్రిలేట్. గోళ్లకు జెల్ పాలిష్ వేయించుకుని చిన్న యూవీ లాంపు కింద వేళ్లు పెట్టి కూర్చున్నారా ఎప్పుడైనా? అలాంటి పాలిష్ చాలావాటిలో ఉండేది కూడా ఈ కుటుంబం సరుకే.

హైదరాబాద్ శివార్లలో ఈ రెజిన్ వండే ఓ చిన్న ఫ్యాక్టరీలో నేను క్యూసీ కెమిస్టుని. మా సరుకు చెక్క ఫర్నిచర్ పూతలకు వెళ్తుంది. వండటం అంటే నిజంగా వండటమే. డైఐసోసయనేట్ అనే ద్రవంలోకి పాలియాల్ కొద్దికొద్దిగా వదిలితే అణువులు చేతులు కలుపుకుని పొడుగవుతాయి. తర్వాత ఆ గొలుసు రెండు చివర్లకూ ఎక్రిలేట్ తోకలు తగిలిస్తాం. అంతా 70 డిగ్రీల దగ్గర, మరలు తిరుగుతుండగా, గంటల తరబడి.

మరి ఉడికిందని ఎలా తెలుస్తుంది?

అరిసెల పాకం పట్టేటప్పుడు మా అమ్మ గడియారం చూడదు. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ కడుతుందా లేదా అని చూస్తుంది. (పాకంలో జరిగేది పాలిమరైజేషన్ కాదు, నీళ్లు ఇగరడమే. కెమిస్టు మిత్రులు కొట్లాటకు రావద్దు.) మా ల్యాబులో ఆ నీళ్ల పళ్లెం పేరు ఎఫ్‌టీఐఆర్.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎరుపు దాటిన చోట, కంటికి ఏమీ కనిపించని చోట, థర్మామీటరు పెడితే పాదరసం పైకి ఎగబాకింది. ఆ కనిపించని వెలుగే ఇన్‌ఫ్రారెడ్. అణువుల్లో బంధాలు స్ప్రింగుల్లా ఊగుతుంటాయి. ఒక్కో బంధం తన ఊపుకి సరిపోయే వెలుగునే మింగుతుంది. ఐసోసయనేట్ గుంపు మింగేది సెంటీమీటరుకు 2270 తరంగాల దగ్గర. ఎమ్మెస్సీలో ఈ అంకెలన్నీ పరీక్ష కోసం బట్టీ పట్టాం. అప్పుడు ఫోన్ నంబర్ల జాబితాలా ఉండేవి. ఇప్పుడు 2270 అంటే నాకు ఒక మనిషి ముఖం గుర్తొచ్చినట్టే ఉంటుంది.

ఆ చోటు అదృష్టవశాత్తూ ఖాళీ మైదానం. మా రెజిన్‌లో ఇంకే బంధమూ అక్కడ గోల చెయ్యదు. రియాక్టర్లోంచి ఒక్క చుక్క తెచ్చి వజ్రపు స్ఫటికం మీద పెడితే నిమిషంలో గ్రాఫ్ వస్తుంది. రియాక్షన్ ముందుకెళ్లేకొద్దీ 2270 గోపురం కుంగుతుంది, 1720 ప్రాంతంలో యురెథేన్ కార్బొనిల్ పెరుగుతుంది. చుక్క సరిగ్గా అంటుకోకపోతే అన్ని పీకులూ చిన్నవైపోతాయి కాబట్టి ఒక్క ఎత్తునే నమ్మకూడదు. 2900 దగ్గర కార్బన్-హైడ్రోజన్ పీక్ రియాక్షన్‌తో పెద్దగా మారదు. దానితో పోల్చి చూడాలి. ఇంకో తమాషా ఉంది. మిషన్ దగ్గర ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ 2350 దగ్గర జంటకొమ్ములు మొలిపిస్తుంది. మా షిఫ్ట్ ఇన్‌చార్జి ఒకసారి తన ఊపిరినే చూసి "ఇదేంటయ్యా కొత్త పీకు" అని కంగారు పడ్డారు.

నేను చేరిన ఆరో నెలలో ఒక రాత్రి షిఫ్టు. కాగితం ప్రకారం రెండు గంటలకు బ్యాచ్ అయిపోవాలి. లారీ గేటు దగ్గరుంది. ఒంటిగంటకు తీసిన శాంపిల్లో 2270 మొదటి ఎత్తులో ఇంకా ఐదో వంతు ఉంది. రెండింటికి తీస్తే అంతే ఉంది. కుంగడం ఆగిపోయింది.

"టైం అయిపోయింది కదా, దించేద్దాం. డ్రమ్ములో అదే పోతుందిలే" అన్నారు ఇన్‌చార్జి.

"పోదు సార్. తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి డ్రమ్ము ఉబ్బుతుంది. పైగా నింపేవాళ్లు ఆ ఆవిరి మీదే వంగి ఉంటారు" అన్నాను.

నింపేది ఇద్దరు కాంట్రాక్టు కుర్రాళ్లు. ముక్కుకి గుడ్డ మాస్కులు. ఐసోసయనేట్లతో చిక్కేమిటంటే, ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత రవ్వంత తగిలినా ఆస్తమా లేస్తుంది. 1984 డిసెంబర్‌లో భోపాల్‌లో బయటికొచ్చిన మిథైల్ ఐసోసయనేట్ చివర ఉన్నదీ ఈ గుంపే. అది ఇట్టే ఆవిరయ్యే చిన్న అణువు, మాది బరువైనది, రెండూ ఒకటి అనడం అన్యాయం. కానీ వేడి రెజిన్ మీద వంగినవాడి ముక్కుకి ఆ తేడా చెప్పలేం కదా.

పీక్ ఆగిందంటే రెండే దారులు. కలవాల్సిన జత అయిపోయి ఉండాలి, లేదా వేగం పోయి ఉండాలి. లాగ్‌బుక్‌లో తూకాలు సరిగ్గానే ఉన్నాయి. కేటలిస్టు రెండు విడతలుగా వెయ్యాలి, రెండో విడతకి సంతకం లేదు. సరిగ్గా షిఫ్టు మారే వేళది. ఆపరేటర్ శ్రీకాకుళం ఆయన. అరలోంచి సీసా తీసి లాంతరు చూసినట్టు పైకెత్తి చూశారు.

"బాబూ, ఇది నిండుగానే ఉంది."

"నెమ్మదిగా వేద్దాం అన్నా. వేడి ఎక్కితే మొత్తం గడ్డ కడుతుంది."

కొంచెం కొంచెంగా వేశాం. ప్రతి ఇరవై నిమిషాలకూ ఒక చుక్క. ఇన్‌చార్జి మొదట్లో ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగారు. తర్వాత స్టూలు లాక్కుని స్క్రీన్ ముందు కూర్చున్నారు, ఈసారి చేత్తో నోరు మూసుకుని. మూడున్నరకి గోపురం గుట్టయింది, నాలుగున్నరకి నేల మట్టమైంది. ఐఆర్‌లో కనిపించలేదంటే పూర్తిగా సున్నా అని కాదు, అందుకని డైబ్యూటైలమీన్‌తో టైట్రేషన్ కూడా చేశాను. లిమిట్ లోపలే ఉంది.

లారీ ఆరు దాటాక కదిలింది. ఆలస్యానికి మేనేజర్ నుంచి ఇన్‌చార్జికి మెయిల్ వచ్చింది, నాకు కాపీ. కేటలిస్టు గడి పక్కన ఇప్పుడు ఇద్దరు సంతకం పెట్టాలి. గుడ్డ మాస్కులు మాత్రం ఇంకా మారలేదు, ఇండెంట్ రెండుసార్లు పంపాను.