ఏ జబ్బుకైనా ఫార్మాటేనా?

మన ఊళ్ళల్లో కంప్యూటర్‌కి ఏ జబ్బొచ్చినా ఒకటే మందు... ఫార్మాట్!

మొన్న బోనకల్ నుంచి మా బాబాయ్ ఫోన్. "డెస్క్‌టాప్ మీద ఏ ఫోల్డర్ నొక్కినా తెరుచుకోట్లేదురా. తెర ఒక్కసారి మెరిసి ఊరుకుంటంది. షాపతను ఫార్మాట్ కొట్టాలంటన్నాడు." ఆ ఫోల్డర్లలో పొలం పాస్‌బుక్కుల స్కాన్లు, చనిపోయిన మా నాయనమ్మ ఫొటోలు ఉన్నాయి. వేరే కాపీ లేదు.

విషయమేమిటంటే, విండోస్‌లో ఐకాన్లు, టాస్క్‌బార్, ఫోల్డర్లు అన్నీ చూపించేది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామే. మనం వేసుకునే జిప్ సాఫ్ట్‌వేర్లలాంటివి రైట్ క్లిక్ మెనూలో తమ పేరు చేర్చుకోడానికి దీని లోపలికే దూరతాయి. వాటిలో ఒకటి చెడిందా, ఎక్స్‌ప్లోరర్ కూడా కూలిపోతుంది. ఇలాంటప్పుడు ఫైళ్ళు మాత్రం డిస్కులో ఉన్నచోటే ఉంటాయి.

అందుకే ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిపించాను. దానికి ఎక్స్‌ప్లోరర్‌తో పనిలేదు. "సీడీ డెస్క్‌టాప్" అని కొట్టి, తర్వాత "డీఐఆర్" కొట్టమన్నాను. పేర్లన్నీ వరసగా వచ్చేశాయి! ఎక్స్‌కాపీతో అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ఆ తర్వాతే, ఆ వారం కొత్తగా వేసిన జిప్ ప్రోగ్రాం తీసేసి రీస్టార్ట్ చేస్తే ఫోల్డర్లు తెరుచుకున్నాయి.

షాపతన్ని తిట్టి లాభంలేదు. ఫార్మాట్‌కి డబ్బులొస్తాయి. కారణం వెతకడానికి పూటంతా పడితే ఆ కూలి ఎవరిస్తారు? కానీ పోయేవి మన ఫైళ్ళు. కాబట్టి ఎవరైనా ఫార్మాట్ అనగానే ఒక్కటే అడగండి, "ముందు నా ఫైళ్ళు బయటికి తీస్తారా?" అని. కుదరదంటే మారుమాట్లాడకుండా కంప్యూటర్ తీసుకుని ఇంటికొచ్చేయండి.